పెరటి కోడికి గురక పడితే గుళిక పనిచేస్తుందా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కోడి గొంతు గరగరమంటే ఇంటి ఇల్లాలు ముందు వెళ్ళేది జంక్షన్లో ఉన్న మందుల షాపుకి. "కోడికి గురకొచ్చింది బాబూ, ఓ రెండు గుళికలియ్యి" అంటే టెట్రాసైక్లినో, అమాక్సిసిలినో, డాక్సీసైక్లినో, చేతికందిన అట్ట చించి ఇస్తారు. ఇంటికొచ్చి గుళిక విప్పి, పొడిలో సగం చోడి (రాగి) అంబలిలో కలిపి ముక్కు తెరిచి పోస్తారు. మిగతా సగం నీళ్ళ చిప్పలో పడుతుంది. తెల్లారేసరికి కోడి మేతకి దిగితే మందు మంచిదని నమ్మకం, చస్తే తెగులు గట్టిదని సర్దుబాటు.

ఈ పద్ధతిలో రెండు విధాలా నష్టమే. మందు అవసరం లేని కోళ్ళకి మందు పడుతుంది. అవసరమున్న వాటికేమో తగిన మందు, తగినంత, తగినన్ని రోజులు పడదు. గురక అనేది జబ్బు కాదు, ఒక లక్షణం. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఎక్కడ వాపొచ్చినా, చీమిడి నిండినా, ఏదైనా అడ్డుపడినా కోడి ఒకేలా గరగరలాడుతుంది. యాంటీబయాటిక్ చంపగలిగేది బాక్టీరియాను మాత్రమే. వైరస్‌ను, బూజును, గొంతులో పట్టిన పురుగును, గూట్లో పేరుకున్న పెంట ఘాటును అది ఏమీ చేయలేదు. అందుకే ఏ గుళిక వేయాలన్నది ఎప్పుడూ రెండో ప్రశ్నే. అసలిది గుళికకి లొంగే జబ్బేనా అన్నది మొదట తేలాలి.

ఊరికి ఊరు కోళ్ళని ఊడ్చేసేది కొక్కెర తెగులు. పుస్తకాల్లో దీన్ని రాణీఖేత్ వ్యాధి అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకే మన దేశంలో రాణీఖేత్‌లో దీన్ని గుర్తించారు. ఇది వైరస్ జబ్బు. సోకిన అయిదారు రోజులకి బయటపడుతుంది. కోడి రెక్కలు వాల్చేసి ఓ మూల ముడుచుకుంటుంది, మెడ చాచి నోరు తెరిచి గాలి పీలుస్తుంది, పచ్చగా తెల్లగా నీళ్ళలాంటి రెట్ట వేస్తుంది. కొన్నాళ్ళు బతికిన కోళ్ళలో మెడ మెలి తిరిగిపోతుంది, కాలో రెక్కో పడిపోతుంది. టీకా పడని మందలో పదింట తొమ్మిది దాకా చచ్చిపోవడం వింత కాదు. ప్రపంచంలో ఎక్కడా దీనికి మందు లేదు. టీకా ఒక్కటే ఉంది, అది కూడా జబ్బు రాకముందు వేయాల్సిందే.

మందు లేని జబ్బుకి మందు పనిచేసిందని ఇన్నేళ్ళుగా ఎందుకు నమ్ముతున్నారు? దానికి కారణాలు లేకపోలేదు. పది కోళ్ళలో ఎనిమిది చచ్చి రెండు మిగిలితే, ఆ రెండింటికీ గుళిక పడింది కాబట్టి బతికాయనిపిస్తుంది. చచ్చిన ఎనిమిదింటికీ అదే గుళిక పడిందన్న సంగతి లెక్కలోకి రాదు. మిగిలినవి వాటి ఒంటి శక్తితో బతికినవి, లేదా ఎప్పుడో ఓసారి టీకా పడ్డవి. ఇంకొకటి, వైరస్ దెబ్బతీసిన గొంతులోకి ఈ.కోలైలాంటి బాక్టీరియా చేరి జబ్బుని ముదరబెడుతుంది. తేలికపాటి వైరస్ జబ్బుల్లో యాంటీబయాటిక్ ఈ రెండో దాడిని కొంత ఆపుతుంది. ఆ మేరకు గుణం కనిపించడం నిజమే. పశువైద్యులు కొన్నిసార్లు వైరస్ జబ్బులో కూడా యాంటీబయాటిక్ రాసేది ఇందుకే. అయితే కోడిని చూసి రాసిన ఆ చీటీని చూపించి, వచ్చే ఏడాది వేరే జబ్బుకి అదే మందు కొనడం దగ్గర తప్పు మొదలవుతుంది.

పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) సంగతి ఇక్కడే చెప్పాలి, అది కూడా వైరస్ జబ్బే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో దాని వైరస్ హెచ్‌5ఎన్‌1 నిర్ధారణై లక్షల కోళ్ళు పోయిన తర్వాత ఉత్తరాంధ్రలో కూడా చాలామంది భయపడ్డారు. కొక్కెరకీ దీనికీ బయటి లక్షణాలు చాలావరకు కలుస్తాయి. జుట్టు, తమ్మెలు నీలిరంగుకి తిరగడం, తల వాయడం, కాళ్ళమీద ఎర్రటి రక్తపు మచ్చలు, ఒక లక్షణం కూడా కనబడకుండానే ఒకేరోజు బోలెడన్ని చావడం, ఊళ్ళో కాకులు కూడా రాలడం చూస్తే అనుమానించాలి. అప్పుడు గుళికల గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. చచ్చిన కోడిని వట్టి చేతుల్తో ముట్టుకోకుండా, కోయకుండా, అమ్మకుండా, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికో మండలంలోని పశువైద్యుడికో కబురు చెప్పాలి. ఇది మనుషులకి కూడా సోకే జబ్బు.

ఇక యాంటీబయాటిక్‌కి నిజంగా పని ఉన్న జబ్బులు. వీటిలో ముఖ్యమైనది దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి. పౌల్ట్రీవాళ్ళు దీన్నే సీఆర్‌డీ అంటారు. మైకోప్లాస్మా గాలిసెప్టికమ్ అనే సూక్ష్మజీవి దీనికి కారణం. కొక్కెరలా ఇది మూడు రోజుల్లో ఊడ్చేయదు. వారాల తరబడి ఈడుస్తుంది. కోడి తింటూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, కానీ తుమ్ముతుంది, తల విదిలిస్తుంది, కంటి మూలలో సబ్బు నురగలాంటి బుడగలు చేరతాయి, గుడ్లు తగ్గిపోతాయి. పగలు ఊరి సందడిలో ఈ గురక వినబడదు. రాత్రి కోళ్ళు గూట్లో సర్దుకుని కునుకు పట్టాక, గూటి తలుపు దగ్గర చెవి పెట్టి కాసేపు కదలకుండా వినాలి. తడి గొంతులో గాలి ఆడినట్టు సన్నగా గరగర వస్తే, అది ఒక కోడి దగ్గర్నుంచా, నాలుగైదింటి నుంచా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. మరునాడు పశువైద్యుడికి చెప్పాల్సిన అసలు సమాచారం ఇదే.

రెండోది కొరైజా, అంటే కోళ్ళ రొంప. ఇది తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే బయటపడి, మందలో వేగంగా పాకిపోతుంది. ముఖం ఒక పక్క ఉబ్బి కన్ను మూసుకుపోతుంది. ముక్కు నుంచి కారే చీమిడి కుళ్ళు కంపు కొడుతుంది. కోడిని పట్టుకున్న చేతికి కూడా ఆ వాసన అంటుకుంటుంది. సీఆర్‌డీలో ఇంత కంపు ఉండదు. కొక్కెరలో ముఖం కంటే రెట్ట, మెడ, రెక్కలు ఎక్కువ చెబుతాయి. చావుల సంఖ్య, పాకే వేగం, రెట్ట రంగు, ముఖం వాపు, వాసన. ఈ అయిదూ గమనిస్తే, ప్రయోగశాలకి పంపకుండానే సగం దారి తేలిపోతుంది. మిగతా సగానికి జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల ఉంది. అప్పుడే చచ్చిన కోడిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఐసు మీద పెట్టి, పశువైద్యుడి చీటీతో పంపితే కోసి చూసి చెబుతారు. విజయనగరం జిల్లావాళ్ళకి గరివిడి పశువైద్య కళాశాల కూడా దగ్గరే.

నోరు తెరిచి చూస్తే కొన్ని అక్కడే తేలిపోతాయి. పసుపుపచ్చటి పొరలు అంగిలికి, నాలుకకి అంటుకుని, గీకితే రక్తం వస్తుంటే కోళ్ళ మశూచి గొంతులోకి దిగిందని అనుమానించాలి. అది వైరస్. తెల్లటి చిన్నచిన్న పొక్కులుంటే ఎ విటమిన్ లోపం కావచ్చు. వట్టి నూకలూ తవుడూ తిని, ఎండాకాలమంతా పచ్చటి ఆకు దొరకని కోళ్ళలో ఇది వస్తుంది. మునగాకు, తోటకూర సన్నగా తరిగి వేయడమే దానికి మొదటి మందు. పిల్లలు మాటిమాటికీ మెడ చాచి ఆవులిస్తున్నట్టు నోరు తెరుస్తుంటే గొంతు నాళంలో ఎర్రటి పురుగులు పట్టి ఉండొచ్చు. వానపాములు తినే పెరటి పిల్లల్లో ఇది మామూలు. నట్టల మందుకి లొంగుతుంది తప్ప యాంటీబయాటిక్‌కి కాదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో తడిసి బూజు పట్టిన గడ్డి, ముక్కిపోయిన నూకలు వాడితే పిల్లల ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతుంది. దానికి గుళికలు పోసేకొద్దీ పరిస్థితి ఇంకా పాడవుతుంది.

గూడు గురించి మందుల షాపులో ఎవరూ అడగరు. మన పల్లెల్లో అరుగు కింద కట్టిన గూళ్ళకి చిన్న తలుపు తప్ప గాలి కంత ఉండదు. బావురుపిల్లి, ముంగి భయం అలాంటిది. రాత్రంతా పది కోళ్ళు అందులోనే ఉంటాయి. నెల రోజుల పెంట కిందే ఉంటుంది. తెల్లవారి తలుపు తీసి తల లోపల పెడితే కళ్ళు మండుతున్నాయంటే అమోనియా చేరిందన్నమాట. గొంతులో దుమ్ముని, క్రిముల్ని పైకి తోసేసే సన్నని నూగు ఆ ఘాటుకి చచ్చుబడిపోతుంది. ఆపైన ఏ క్రిమైనా తేలిగ్గా కిందికి దిగుతుంది. గూటికి పైభాగంలో ఇనుప జాలీ వేసిన కంత ఒకటి పెట్టడం, వారానికోసారి పెంట తీసి బూడిదో పొడి సున్నమో చల్లడం ఎంతో ఖర్చయ్యే పనులు కావు. ఇవి చేయకుండా మందు పోస్తే, మందు ఆపిన వారానికే గురక మళ్ళీ మొదలవుతుంది.

సరే, సీఆర్‌డీ అని తేలిందనుకుందాం. అప్పుడు కూడా చేతికందిన గుళిక పనికిరాదు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, సెఫలోస్పోరిన్ రకాలన్నీ బాక్టీరియా చుట్టూ ఉండే కణ కవచాన్ని కట్టనివ్వకుండా చేసి చంపుతాయి. మైకోప్లాస్మాకి ఆ కవచమే లేదు. గోడ లేని పందిరి మీదికి గోడ కూల్చే పలుగు తీసుకెళ్ళినట్టు, ఆ మందుకి అక్కడ పని లేదు. టైలోసిన్, టియాములిన్, డాక్సీసైక్లిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటివి వేరే దారిలో, క్రిమి లోపల ప్రోటీన్ తయారీని ఆపి పనిచేస్తాయి కాబట్టి వాటికి లొంగుతుంది. కొరైజాకి సల్ఫా మందులు, ఎరిత్రోమైసిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతారు. ఏది వాడాలో పశువైద్యుడు చెప్పాల్సిందే.

మోతాదు దగ్గర పెరటి కోళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కోళ్ళ మందులన్నీ ఫారాల్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. లీటరు నీటికి ఇంత అని డబ్బా మీద రాస్తారు. ఉదాహరణకి టైలోసిన్‌ని మామూలుగా లీటరుకి అరగ్రాము చొప్పున మూడు నుంచి అయిదు రోజులు ఇస్తారు. ఫారం కోడికి ఆ పైపు నీళ్ళు తప్ప వేరే దిక్కు లేదు. పెరటి కోడి అలా కాదు. మందు నీళ్ళు చేదుగా ఉంటే చిప్ప వదిలేసి గెడ్డకి పోతుంది, బోరు దగ్గర మడుగులో తాగుతుంది, పక్కింటి కుడితిలో మూతి పెడుతుంది. జబ్బుగా ఉన్న కోడి అసలు నీళ్ళే సరిగ్గా తాగదు. చివరికి బాగున్న కోళ్ళ కడుపులోకి మందు వెళ్తుంది, జబ్బు కోడికి చుక్క కూడా అందదు. కాబట్టి మందు నీళ్ళు ఇచ్చినన్నాళ్ళూ కోళ్ళని గంప కిందో, చిన్న దడిలోనో పెట్టి, వేరే నీళ్ళు దొరక్కుండా చూడాలి. నీడలో పెట్టాలి. మందు నీళ్ళు రోజూ కొత్తగా కలపాలి. ఇంకా నమ్మకమైన దారి కోడి కోడికీ విడిగా నోట్లో పోయడం. ఎనిమిది పది కోళ్ళున్న ఇంట్లో అది కష్టం కాదు.

నోట్లో పోసేటప్పుడు బరువు లెక్క కావాలి. డాక్సీసైక్లిన్ కోళ్ళకి కిలో బరువుకి రోజుకి 10 నుంచి 20 మిల్లీగ్రాములు ఇస్తారు. కిలోన్నర నాటు పెట్టకి 15 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు. మనుషుల గుళిక ఒకటి 100 మిల్లీగ్రాములు. అందులో సగం ఒకే పెట్ట నోట్లో పోస్తే, కావాల్సిన దానికి ఒకటిన్నర నుంచి మూడు రెట్లకి పైగా పడినట్టు. అదే సగాన్ని చిప్ప నీళ్ళలో వేస్తే ఏ కోడికి ఎంత అందిందో చెప్పలేం. పైగా టెట్రాసైక్లిన్ జాతి మందులు కాల్షియంతో కలిస్తే ముద్ద కట్టి, పేగు నుంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కవు. చోళ్ళలో నూరు గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంది. మనం అలవాటుగా మందు కలిపే చోడి అంబలి, మజ్జిగ, సున్నపు బోరు నీళ్ళు, ఈ మూడూ టెట్రాసైక్లిన్‌కి పడనివే. ఆక్సీటెట్రాసైక్లిన్‌లో ఈ నష్టం ఎక్కువ, డాక్సీసైక్లిన్‌లో కొంత తక్కువ. తెల్ల అన్నం మెతుకుల్లో చుట్టి పెట్టడం మేలు.

రెండో రోజుకి కోడి కూయగానే మందు ఆపేయడం మరో అలవాటు. మిగిలిన గుళికలు చూరులో దాస్తారు, వచ్చే ఏటికి పనికొస్తాయని. లొంగే క్రిములు చచ్చి, మొండివి మిగిలే దశ సరిగ్గా అదే. పూర్తిగా వాడినా మైకోప్లాస్మా ఒంట్లోంచి మొత్తంగా పోదు. లక్షణాలు తగ్గుతాయి, కోడి మాత్రం జబ్బుని మోస్తూనే ఉంటుంది. పొగమంచు పట్టగానే, పొదుగు మీద కూర్చుని చిక్కగానే మళ్ళీ గురక వస్తుంది. ఇది గుడ్డు ద్వారా పిల్లలకి కూడా దిగుతుంది. కాబట్టి ఒకసారి సీఆర్‌డీ పట్టిన పెట్టని పొదగేయకూడదు, దాని గుడ్లని వేరే పెట్ట కింద కూడా పెట్టకూడదు. ఈ మాట చెబితే చాలామందికి కష్టంగా ఉంటుంది. బాగా పొదిగే పెట్టని వదులుకోవడం ఏ ఇల్లాలికైనా బాధే. కానీ అన్ని మందుల ఖర్చూ కలిపినా, ఆ ఒక్క పెట్ట ఏటా పుట్టించే జబ్బు పిల్లల నష్టానికి సరిపోదు.

గుడ్డు, మాంసం సంగతి దీనికి జతగానే ఉంది. కోడి ఇక బతకదనిపించగానే కోసేయడం మన దగ్గర మామూలు. నిన్న సాయంత్రం దాకా మందు పోసిన కోడి ఈరోజు కూరవుతుంది. మందు వేసిన కోడి మాంసం ఎన్నాళ్ళ తర్వాత తినొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, మనుషుల గుళిక అట్ట మీద ఉండదు. గుడ్ల విషయం ఇంకా పొడుగు. పచ్చసొన కోడి కడుపులో చివరి పది రోజుల్లో గబగబా పెరుగుతుంది. ఈరోజు మందు ఆపినా, వారం తర్వాత పెట్టే గుడ్డులో ఆ మందు జాడ ఉండొచ్చు. ఎన్‌రోఫ్లాక్ససిన్‌లాంటి యాంటీబయాటిక్‌లు వేడికి అంతగా విరగవు, కాబట్టి ఉడికిస్తే పోతుందన్న ధీమా పనికిరాదు. అమెరికా 2005లోనే కోళ్ళకి ఎన్‌రోఫ్లాక్ససిన్ వాడకాన్ని ఆపేసింది. మనుషుల్లో కడుపు జబ్బులు తెచ్చే క్రిములు అదే జాతి మందులకి మొండికేయడం దానికి కారణం. మన దేశం 2019 జూలైలో పశువులకి, కోళ్ళకి, చేపలకి కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఏ మందూ పనిచేయనప్పుడు మనుషుల ప్రాణం నిలిపే ఆఖరి మందుల్లో అదొకటి. పెరట్లో పది కోళ్ళకి వేసే గుళిక అంత పెద్ద లెక్కలోకి రాదనిపించవచ్చు. కానీ కోళ్ళు తిరిగే వాకిట్లోనే పిల్లలు ఆడుకుంటారు, కోడి పెంట కూరపాదులకి వెళ్తుంది.

తెగులు ఊళ్ళోకి ఎలా వస్తుందో చూస్తే నివారణ ఎక్కడ మొదలు పెట్టాలో తెలుస్తుంది. దసరా తర్వాత పైడితల్లి సిరిమాను పండుగకి, గ్రామదేవతల మొక్కులకి, సంక్రాంతికి, కనుమకి కోళ్ళు ఊరూరూ తిరుగుతాయి. పందెం పుంజు నాలుగు ఊళ్ళ పుంజులతో కలిసి ఇంటికొస్తుంది. సంతలో అమ్ముడుపోని కోడి, పక్క గంపలోని జబ్బు కోడి గాలి పీల్చి వెనక్కొస్తుంది. ఒక ఇంట్లో నాలుగు చావగానే మిగిలినవాటిని సంతకి తోలేయడం వల్ల వచ్చే సంతకల్లా మరో మూడు ఊళ్ళకి తెగులు పాకుతుంది. చచ్చినవాటిని గెడ్డలో పడేస్తే కుక్కలు, కాకులు, నీళ్ళు కలిసి కింది ఊరికి చేరుస్తాయి. మూడడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. కొత్తగా కొన్న కోడిని కనీసం రెండు వారాలు వేరే గంప కింద, వేరే చిప్పతో పెట్టాలి. ముందు పాత కోళ్ళకి మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్ళాలి.

అన్నిటికంటే ముందు కొక్కెర తెగులు టీకా. వారం లోపు పిల్లలకి కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా వేస్తారు. ఎనిమిది వారాలు దాటాక ఆర్‌2బి టీకా రెక్క కింద అరమిల్లీలీటరు పొడుస్తారు. ఆర్‌2బి పసిపిల్లలకి వేస్తే దానివల్లే జబ్బు చేస్తుంది, కాబట్టి వయసు తప్పకూడదు. జబ్బుతో ఉన్న కోడికి వేయకూడదు. వారం ముందు నట్టల మందు వేస్తే టీకా బాగా పడుతుంది. పెరటి కోళ్ళకి టీకా అందకపోవడానికి అసలు అడ్డంకి ధర కాదు, సీసా. ఒక్కో సీసాలో వంద కోళ్ళకో అంతకంటే ఎక్కువకో సరిపడా మందు ఉంటుంది. నీళ్ళు కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. అప్పటిదాకా ఐసులో ఉండాలి. ఏడు కోళ్ళున్న ఒక్క ఇంటికోసం ఆ సీసా విప్పరు. ఆఫ్రికా, ఆసియా పల్లెల్లో వేడికి తట్టుకునే ఐ-2 రకం టీకాని నాలుగు నెలలకోసారి కంటి చుక్కగా ఊరంతటికీ ఒకేరోజు వేసి ఈ చిక్కుని తగ్గించారు.

మన దగ్గర కూడా పదిహేను ఇళ్ళు కలిస్తే ఒక సీసా లెక్క సరిపోతుంది. పొదుపు సంఘం సమావేశంలో ఇంటికెన్ని కోళ్ళో రాసుకుని, డిసెంబరు మొదటి వారంలోనే రైతు సేవా కేంద్రంలో ఆ చీటీ ఇస్తే, సంక్రాంతి కోళ్ళ రాకపోకలు మొదలయ్యేలోపు ఒంట్లో రక్షణ నిలబడడానికి కావలసిన రెండు మూడు వారాల సమయం దొరుకుతుంది. టీకా వేసే రోజు తెల్లవారుజామున గూళ్ళ తలుపులు తీయకూడదు. ఒకసారి బయటికి వదిలేస్తే మధ్యాహ్నం దాకా చేతికి చిక్కవు. ఈలోపు విప్పిన సీసా వృథా అవుతుంది. పశుసంవర్ధక సహాయకుడు అందుబాటులో లేకపోతే 1962 నంబరుకి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగొచ్చు.